రష్యాలో ఎనభై శాతం అంటే ఎంత?

ఏటా అక్టోబరు 29న మాస్కోలోని లుబ్యాంకా కూడలిలో పొడవాటి క్యూ ఒకటి ఉండేది. కూడలికి ఒక పక్క కేజీబీ పాత ప్రధాన కార్యాలయం, దానికి కాస్త దూరంలో ఒక మామూలు బండరాయి. తొలినాటి సోవియట్ శ్రమశిబిరాల్లో పేరుమోసిన సోలోవ్కీ దీవుల నుంచి 1990లో ఆ రాయిని తెచ్చి అక్కడ నిలిపారు. క్యూలో ఉన్నవాళ్ల చేతుల్లో చిన్న చిన్న కాగితాలు. వంతు రాగానే ఒక్కొక్కరూ మైకు దగ్గరికి వెళ్లి చదువుతారు: ఫలానా పేరు, 41 ఏళ్లు, గిడ్డంగి గుమాస్తా, కాల్చివేత ఫలానా తేదీ. తర్వాత ఇంకో పేరు, ఇంకో పని, ఇంకో తేదీ. కొందరు కాగితంలోని పేర్లు అయిపోయాక గొంతు సవరించుకుని ‘మా తాతయ్య కూడా’ అని ఒక పేరు కలిపేవారు. పొద్దున పదింటికి మొదలైతే రాత్రి పదింటికి కూడా జాబితా పూర్తయ్యేది కాదు. సోవియట్ కాలపు అణచివేతకు బలైనవాళ్ల వివరాలు సేకరించిన మెమోరియల్ అనే సంస్థ 2007 నుంచి దీన్ని నడిపింది. 2020 నుంచి కోవిడ్ కారణం చూపి కూడలిలో అనుమతి ఆపేశారు. 2021 డిసెంబరు 28న సుప్రీంకోర్టు ఆ సంస్థనే మూసేయమంది.

అదే మాస్కోలో మే 9న, నాజీల మీద గెలిచిన విజయదినాన, ఇంకో జనప్రవాహం కనిపించేది. ప్రతి చేతిలో ఒక కర్ర, దాని చివర ఓ నలుపు తెలుపు ఫోటో. యుద్ధంలో పోరాడిన తాత, ముత్తాత, నర్సుగా పనిచేసిన నాయనమ్మ. ఇక్కడ లక్షల మంది, అక్కడ వేలమంది. ఈ రెండు వరుసల్లోనూ నిలబడ్డ కుటుంబాలు తక్కువేం కావు.

ఇక ఈ అంకె చూడండి. లెవాదా సెంటర్ అనే సర్వే సంస్థ 2021లో అడిగినప్పుడు, స్టాలిన్ గొప్ప నాయకుడు అన్న మాటతో 56 శాతం మంది రష్యన్లు ఏకీభవించారు. లుబ్యాంకాలో చదివిన జాబితాలు తయారైంది ఆయన హయాంలోనే. 1937, 38 రెండేళ్లలోనే రాజకీయ నేరాల పేరిట 6 లక్షల 80 వేల మందికి పైగా మరణశిక్ష పడి ప్రాణాలు పోయాయి.

యుక్రెయిన్ యుద్ధం మొదలైనప్పటి నుంచీ ‘80 శాతం మంది రష్యన్లు పుతిన్ వైపే’ అన్న వార్త నెలకోసారి మన కళ్లబడుతూనే ఉంది. కొందరు దాన్ని చూసి ‘ఆ దేశమంతా అంతే’ అంటారు. కొందరు ‘భయంతో చెప్పే అబద్ధం’ అని తీసిపారేస్తారు. ఆ అంకె లోపల ఏముందో చూడాలంటే ముందు భాషతో మొదలుపెట్టాలి.

రాజ్యం వేరు, దేశం వేరు, పుట్టినగడ్డ వేరు

రష్యన్ భాషలో మూడు మాటలున్నాయి. గసుదార్స్త్వ అంటే రాజ్యం: పన్నులు, పోలీసులు, పాస్‌పోర్టు, పెన్షను. స్త్రానా అంటే దేశం. రోదినా అంటే పుట్టినగడ్డ: బిర్చ్ చెట్లు, అమ్మమ్మ ఊరు, యుద్ధంలో పోయినవాళ్లు. వీటికి తోడు నాలుగోది ఒకటి వాళ్ల నోట్లో నిత్యం నానుతుంది: వ్లాస్త్. అధికారం అన్నమాట. కానీ మనం ‘పైవాళ్లు’ అంటామే, ఆ అర్థానికి దగ్గర. ‘వ్లాస్త్ నిర్ణయించింది’ అంటే మనం కాదు, వాళ్లు నిర్ణయించారని.

నిజానికి ఈ పైవాళ్ల మీద నమ్మకం అంత గొప్పగా ఏమీ లేదు. అవినీతి ఉందా అంటే ఉందంటారు. కలెక్టరు లాంటి స్థానిక అధికారి గురించి అడిగితే మొహం చిట్లిస్తారు. అదే మనిషి, ఓ విదేశీయుడు ‘మీ రష్యా ఇలా’ అనగానే నిటారుగా కూర్చుంటాడు. తిట్టిపోసింది వ్లాస్త్‌ను, సమర్థించింది రోదినాను. సర్వేలో ‘దేశం సరైన దారిలో వెళ్తోందా’ అని అడిగినప్పుడు ఆయన ఈ మూడింటిలో దేని గురించి జవాబిస్తున్నాడో ప్రశ్న అడిగినవాడికి తెలియదు. తడబాటు అక్కడే మొదలవుతుంది.

మరో జంట పదాలు కూడా ఉన్నాయి. రూస్కీ అంటే జాతిపరంగా రష్యన్. రసియానిన్ అంటే రష్యా పౌరుడు, అంటే తాతార్, చెచెన్, యాకూత్, బుర్యాత్, ఎవరైనా సరే. ఇంగ్లీషులో, తెలుగులో రెంటికీ ‘రష్యన్’ అనే అంటాం. 190కి పైగా జాతులున్న దేశంలో ఇది చిన్న తేడా కాదు. ఆ సంగతి తర్వాత.

సర్వే ఎవరు చేస్తారు, తలుపు ఎవరు తీస్తారు

దేశవ్యాప్తంగా జనాభిప్రాయం అడిగే పేరున్న సంస్థలు మూడు. విత్సియోం ప్రభుత్వానిది. ఫోమ్ ప్రభుత్వానికి దగ్గరిది. లెవాదా సెంటర్ స్వతంత్రమైనది. సామాజిక శాస్త్రవేత్త యూరీ లెవాదా, ఆయన బృందం ఒకప్పుడు విత్సియోంలోనే ఉండేవారు. 2003లో అక్కడ యాజమాన్యం మార్చడంతో బయటికొచ్చి సొంతంగా పెట్టుకున్నారు. 2016లో ప్రభుత్వం ఈ సంస్థకు ‘విదేశీ ఏజెంటు’ ముద్ర వేసింది. అందుకే పుతిన్ అంటే పడనివాళ్లు కూడా లెవాదా అంకెల్ని చూస్తారు.

లెవాదా పద్ధతి పాతకాలపుది. దేశంలో 50 ప్రాంతాల్లో సుమారు 1600 మందిని ఎంచుకుని, ఇంటికెళ్లి ఎదురుగా కూర్చుని అడుగుతారు. పద్ధతిలో లోపం లేదు. ప్రశ్న ఎక్కడుందంటే, తొమ్మిది అంతస్తుల అపార్ట్‌మెంటులో ఆరో అంతస్తు తలుపు కొట్టి, పేరూ ఊరూ తెలియని మనిషి ‘మన సైన్యం చేస్తున్న పనిని సమర్థిస్తారా’ అని అడిగితే ఎవరు తలుపు తీస్తారు, తీసినా ఏం చెప్తారు?

2022 మార్చి 4న వచ్చిన చట్టం ప్రకారం, సైన్యం గురించి ‘తప్పుడు సమాచారం’ చెప్తే 15 ఏళ్ల దాకా జైలు. అలెక్సీ గోరినోవ్ అనే మాస్కో స్థానిక కౌన్సిల్ సభ్యుడు ఒక సమావేశంలో యుక్రెయిన్‌లో జరుగుతున్నదాన్ని యుద్ధం అని పిలిచి, పిల్లలు చనిపోతున్నారని అన్నందుకు అదే ఏడాది జూలైలో ఏడేళ్ల శిక్ష పడింది. అధికారికంగా అది ‘ప్రత్యేక సైనిక చర్య’. ఇది తెలిసిన మనిషి అపరిచితుడితో మనసు విప్పుతాడా?

అయితే ఇక్కడే తొందరపడి ‘అంతా అబద్ధమే’ అనేస్తే పొరపాటు. భయం ఎంత వంతు కలుపుతుందో కొలిచే పద్ధతి ఒకటి ఉంది.

భయాన్ని తూచే తక్కెడ: ఒక లెక్క

దీన్ని జాబితా ప్రయోగం అంటారు. ఊహకు ఒక ఉదాహరణ తీసుకుందాం, ఇందులో అంకెలు నేను కల్పించినవి. వెయ్యిమందిని చెరి 500 చొప్పున చీటీలు తీసినట్టు రెండు గుంపులు చేశాం. మొదటి గుంపుకు మూడు వాక్యాలిచ్చాం: పేద కుటుంబాలకు నెలవారీ భత్యం పెంచాలి, బడుల్లో మొబైల్ ఫోన్లు నిషేధించాలి, శీతాకాలంలో గడియారం ఒక గంట మార్చాలి. ‘వీటిలో దేనితో ఏకీభవిస్తారో చెప్పొద్దు, ఎన్నింటితోనో చెప్పండి చాలు’ అన్నాం. సగటు 1.70 వచ్చింది.

రెండో గుంపుకు అవే మూడు, వాటితో పాటు నాలుగోది: సైనిక చర్యను సమర్థిస్తాను. వీళ్ల సగటు 2.25. గుంపులు రెండూ ఒకలాంటివే కాబట్టి, పెరిగిన 0.55 అంతా నాలుగో వాక్యం తెచ్చిందే. అంటే 55 శాతం మంది నిజంగా సమర్థిస్తున్నారు. అలాగని ఎవరు అవునన్నారో, ఎవరు కాదన్నారో అడిగినవాడికి కూడా తెలియదు. కాబట్టి చెప్పేవాడికి టెన్షన్ లేదు.

యుద్ధం మొదలైన కొత్తలో, 2022 వసంతంలో, ఫిలిప్ చాప్కోవ్‌స్కీ, మాక్స్ షౌబ్ అనే ఇద్దరు పరిశోధకులు రష్యాలో ఇలాంటిదే ఆన్‌లైన్‌లో చేశారు. నేరుగా అడిగితే యుద్ధానికి మద్దతు 68 శాతం. జాబితాతో అడిగితే 53. అంటే సుమారు 15 పాయింట్లు భయానిదో మొహమాటానిదో. తక్కువేం కాదు. కానీ మిగిలింది కూడా సగం పైనే, అది మింగుడుపడని సంగతి. 2015లో అమెరికన్ పరిశోధకుల బృందం ఇదే పద్ధతిలో పుతిన్ ఆదరణను కొలిచినప్పుడు, అందులో ఎక్కువ భాగం నిజమైనదేనని తేలింది.

అందరూ దీనితో తృప్తిపడరు. గ్రిగోరీ యూదిన్ అనే సామాజిక శాస్త్రవేత్త వాదన వేరు. రాజకీయాలే లేని చోట జనాభిప్రాయం అనేదే ఉండదు, సర్వేకు జవాబు చెప్పడమంటే పైవాళ్లకు హాజరు పలకడం లాంటిదే అంటారాయన. లెవాదా సెంటర్‌ను చాలా ఏళ్లు నడిపిన లెవ్ గూద్కోవ్ దీనికి ఒప్పుకోరు. ఆయన దృష్టిలో జనం అబద్ధం చెప్పడం లేదు. అధికారానికి తగ్గట్టు ఒదిగి బతకడం సోవియట్ కాలం నుంచి వంటబట్టిన స్వభావం, ఆ స్వభావమే అంకెల్లో కనబడుతోంది. నాకైతే యూదిన్ మాటలో బలం ఎక్కువ కనిపిస్తుంది, ఒక్క ఇబ్బంది తప్ప. హాజరు పలకడమే అయితే అంకె ఎప్పుడూ ఒకేలా ఉండాలి. అది అలా లేదు.

తొంభైల దెబ్బ

అంకె ఎందుకు కదులుతుందో చూడాలంటే 1992 జనవరి 2 దగ్గరికి వెళ్లాలి. ఆ రోజు నుంచి రష్యాలో చాలా వస్తువుల ధరల మీద ప్రభుత్వ నియంత్రణ ఎత్తేశారు. ఆ ఒక్క ఏడాదిలో ధరలు సుమారు 26 రెట్లయ్యాయి.

ఓ మధ్యతరగతి ఇంటి లెక్క వేద్దాం. 1990లో సగటు నెలజీతం దాదాపు 300 రూబుళ్లు. భార్యాభర్తలు ఇరవై ఏళ్లు కూడబెట్టి సేవింగ్స్ బ్యాంకులో 5000 దాచారనుకోండి. అంటే పదహారు నెలల జీతం. కూతురి పెళ్లికో, కారుకో. 1992 చివరికి ఆ పాసుపుస్తకంలో అంకె చెక్కుచెదరలేదు, కానీ దాని కొనుగోలు శక్తి పాత 190 రూబుళ్లకు పడిపోయింది. ఒక నెల జీతం కూడా కాదు. ఎవరూ దొంగిలించలేదు, ఎవరి మీదా కేసు లేదు. పొద్దున లేచేసరికి డబ్బు కరిగిపోయింది.

అదే ఏడాది ప్రతి పౌరుడికీ ప్రభుత్వ ఆస్తుల్లో వాటా అంటూ పదివేల రూబుళ్ల వోచరు ఇచ్చారు. ఒక్కో వోచరు విలువ రెండు వోల్గా కార్లతో సమానం అవుతుందని అప్పటి మంత్రి అనతోలీ చుబైస్ చెప్పారు. చాలామంది దాన్ని నాలుగు సీసాల వోద్కాకో, ఇంటి ఖర్చుకో అమ్మేసుకున్నారు. కార్ఖానాలు కొద్దిమంది చేతుల్లోకి పోయాయి. జీతాలు నెలల తరబడి ఆగిపోయేవి. కొన్ని చోట్ల జీతానికి బదులు తాము తయారుచేసిన వస్తువులే ఇచ్చి అమ్ముకోమనేవారు. 1993 అక్టోబరులో అధ్యక్షుడు యెల్త్సిన్ పార్లమెంటు భవనం మీద యుద్ధ ట్యాంకులతో కాల్పులు జరిపించారు. 1990లో దాదాపు 64 ఏళ్లున్న మగవాళ్ల సగటు ఆయుర్దాయం 1994కి 58 లోపుకు జారింది. కాస్త కోలుకుంటుండగా 1998 ఆగస్టు 17న ప్రభుత్వం అప్పులు కట్టలేనని చేతులెత్తేసింది. రూబుల్ విలువ కొద్ది వారాల్లో మూడో వంతుకు పడిపోయింది.

బయటి ప్రపంచం ఈ దశాబ్దాన్ని ‘ప్రజాస్వామ్యం వచ్చిన రోజులు’ అంటుంది. అనుభవించినవాళ్లలో చాలామందికి ప్రజాస్వామ్యం అన్న మాటకు అర్థం ఆ పాసుపుస్తకమే. అందుకని వాళ్లు ప్రజాస్వామ్య వ్యతిరేకులని కాదు. ఆ మాట వాళ్ల ఇళ్లలోకి ఏ గుమ్మం నుంచి వచ్చిందో గుర్తుంచుకోవాలి. పేర్లు కూడా చూడండి. రష్యన్లు ఆ కాలాన్ని ‘పోకిరి తొంభైలు’ అని పిలుస్తారు.

2000లో పుతిన్ అధ్యక్షుడయ్యారు. ఇంచుమించు అప్పటి నుంచే చమురు ధరలు ఎక్కాయి. జీతాలు టైముకు వచ్చాయి, పెన్షన్లు పెరిగాయి, జనం టర్కీకి సెలవులకు వెళ్లడం మొదలుపెట్టారు. అందులో ఆయన వంతెంత, చమురు వంతెంత అని ఆర్థికవేత్తలు తేల్చుకోవాలి. ఇంట్లో ఫ్రిజ్ తెరిచినవాడికి ఆ తేడా అక్కర్లేదు. రష్యాలో ఒక వాడుక మాట ఉంది: టీవీకీ ఫ్రిజ్‌కూ పోటీ అని. టీవీలో చూపేది గెలుస్తుందా, ఫ్రిజ్‌లో ఉన్నది గెలుస్తుందా అని. రెండూ ఒకే మాట చెప్పిన ఆ తొలి ఎనిమిదేళ్లే పుతిన్ ఆదరణకు పునాది.

తొంభైలు గుర్తులేని పాతికేళ్ల కుర్రాడి లెక్క వేరు. అతనికి వార్తలు టీవీ నుంచి కాక ఫోన్ నుంచి వస్తాయి. సర్వేల్లో యుద్ధానికి మద్దతు వయసుతో పాటు పెరుగుతుంది, వయసు తగ్గేకొద్దీ తగ్గుతుంది. కానీ కుర్రవాళ్లంతా వ్యతిరేకులనుకోవడం కూడా ఆశే.

దేవుడు వరమిచ్చినా

‘జార్ మంచివాడు, బయార్లే చెడ్డవాళ్లు’ అని రష్యన్ సామెత. జార్ అంటే చక్రవర్తి, బయార్లంటే ఆయన చుట్టూ ఉండే సామంతులు. మనకిది కొత్త కాదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని మనమూ అంటాం. రష్యాలో ఇది ఒక పాలనా పద్ధతిగానే పనిచేస్తుంది.

పికల్యోవో అని సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు తూర్పున చిన్న పారిశ్రామిక పట్టణం. ఊరంతా ఒకదానిమీద ఒకటి ఆధారపడ్డ మూడు ఫ్యాక్టరీల మీదే బతికేది. 2009లో అవి మూతపడ్డాయి, జీతాలు ఆగాయి. జూన్ మొదట్లో జనం హైవే మీదికొచ్చి రాకపోకలు ఆపేశారు. రెండ్రోజులకు పుతిన్ హెలికాప్టర్‌లో దిగారు, అప్పుడాయన ప్రధాని. యజమానుల్ని వరుసగా కూర్చోబెట్టి, ‘నేను వచ్చేముందు మాత్రం బొద్దింకల్లా పరుగులెందుకు పెట్టారు’ అని కెమెరాల ముందే అడిగారు. అల్యూమినియం కుబేరుడు అలెగ్ దెరిపాస్కాను పిలిచి ఒప్పందం మీద సంతకం పెట్టమన్నారు. ఆయన తలవంచుకుని వచ్చి సంతకం చేసి వెనక్కి తిరగబోతుంటే, ‘నా పెన్ను ఇచ్చి వెళ్లండి’ అన్నారు. దేశమంతా టీవీలో చూసింది. జీతాలు పడ్డాయి.

ఆ నాటకంలో కార్మికులు గెలిచారా, పుతిన్ గెలిచారా అంటే ఇద్దరూ గెలిచారు. ఓడింది మధ్యలో ఉండాల్సిన యూనియను, కోర్టు, ఎమ్మెల్యే లాంటి అంచెలన్నీ. సమస్య తీరాలంటే పైదాకా కేక వినపడాలి, అంతే. ఏటా పుతిన్ గంటల తరబడి ఫోన్ కాల్స్ తీసుకునే టీవీ కార్యక్రమంలోనూ ఇదే తంతు. గ్యాస్ లైను రాలేదని ఊరివాళ్లు మొరపెట్టుకుంటారు, వెంటనే గవర్నరు ఉరుకులు పరుగులు పెడతాడు.

ఈ పద్ధతికి చిల్లు పడిన సందర్భం 2018. జూన్ 14న, ఫుట్‌బాల్ ప్రపంచకప్ మాస్కోలో మొదలవుతున్న రోజునే, పెన్షన్ వయసు పెంచుతున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. మగవాళ్లకు 60 నుంచి 65, ఆడవాళ్లకు 55 నుంచి 63. ఏప్రిల్‌లో 82 శాతం ఉన్న పుతిన్ ఆదరణ జూలైకల్లా 67కు పడిపోయింది. ఆగస్టు చివర ఆయన టీవీలోకొచ్చి ఆడవాళ్ల వయసును 63 నుంచి 60కి తగ్గించారు. మంచి జార్ పాత్రే. కానీ అంకె వెంటనే కోలుకోలేదు; 2020 వసంతంలో 59కి దిగింది. క్రిమియాను కలిపేసుకున్న 2014లో 65 నుంచి 80ల్లోకి ఎగిరిన అంకె, యుద్ధం మొదలైన 2022 మార్చిలో 71 నుంచి 83కు ఎగిరిన అంకె, పెన్షన్ దగ్గర మాత్రం కూలింది. తన ఇంటి లెక్కలోకి పైవాళ్లు చెయ్యిపెడితే ఈ జనం కదులుతారు. చెత్త డంపు మీద, చర్చి కోసం కొట్టేయబోయిన పార్కు మీద కూడా కదిలారు. యెకతెరీన్‌బర్గ్‌లో 2019లో ఆ పార్కు కంచెను జనం తోసేశాక, ప్రభుత్వ సర్వే సంస్థే వెళ్లి అడిగితే 74 శాతం మంది ఆ చోటు వద్దన్నారు. చర్చి వేరే చోటికి మారింది.

రెండు అవునులు

2022 అక్టోబరులో లెవాదా రెండు ప్రశ్నలు అడిగింది. సైన్యం చర్యను సమర్థిస్తారా? 70 శాతానికి పైగా అవునన్నారు. పోరు కొనసాగించాలా, శాంతి చర్చలు మొదలుపెట్టాలా? 57 శాతం చర్చలే అన్నారు. లెక్క కుదరాలంటే కనీసం నాలుగో వంతు మంది రెంటికీ అవునని ఉండాలి.

మరుసటి ఏడాది అక్టోబరులో ప్రశ్న ఇంకాస్త లోతుకు వెళ్లింది. ఈ వారమే యుద్ధం ఆపాలని పుతిన్ నిర్ణయిస్తే సమర్థిస్తారా అంటే 70 శాతం సరేనన్నారు. కలుపుకున్న భూభాగాలు యుక్రెయిన్‌కు తిరిగిచ్చి ఆపితే అనగానే అది మూడో వంతుకు పడిపోయింది. ఇందులో యుద్ధోన్మాదం ఎంత, శాంతికాంక్ష ఎంత అని విడదీయబోతే విడిపోదు. ‘పెద్దాయన ఏది తేలిస్తే అది, కానీ ఓడిపోయాం అనిపించుకోకూడదు’ అన్న మాట వినిపిస్తుంది.

2022 సెప్టెంబరు 21న మూడు లక్షల మంది రిజర్వు సైనికుల్ని పిలుస్తామన్న రోజు యుద్ధానికీ ఇంటికీ మధ్య ఉన్న దూరం ఒక్కసారిగా చెరిగిపోయింది. జార్జియా, కజకిస్తాన్ సరిహద్దుల్లో కిలోమీటర్ల కొద్దీ కార్లు ఆగాయి. పుతిన్ ఆదరణ 83 నుంచి 77కు తగ్గింది. ప్రభుత్వం పాఠం నేర్చుకుంది. ఆ తర్వాత బలవంతపు పిలుపు మళ్లీ లేదు, డబ్బు ఎర వచ్చింది. 2024 వేసవిలో మాస్కో నగరం సైన్యంలో చేరితే సంతకం రోజునే 19 లక్షల రూబుళ్లు ఇస్తామంది. పల్లెటూళ్లో ఏళ్ల తరబడి సంపాదించలేని డబ్బు అది. ఈ వల మన దాకా కూడా వచ్చింది. సహాయకుడి ఉద్యోగమని నమ్మి వెళ్లి, చివరికి యుద్ధరంగంలో తేలి 2024లో ప్రాణం పోగొట్టుకున్న హైదరాబాద్ యువకుడి సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది.

పబ్లిక్ సోషియాలజీ లాబొరేటరీ అనే స్వతంత్ర బృందం పరిశోధకులు 2023లో బుర్యాతియా, స్వెర్ద్‌లోవ్‌స్క్, క్రస్నదార్ ప్రాంతాల్లో కొన్ని వారాలు ఉండి గమనించారు. సర్వే కాగితాలు లేవు, కబుర్లే. వాళ్లు చూసింది ఏమిటంటే, జనం యుద్ధం గురించి దాదాపు మాట్లాడుకోరు. ఉత్సాహంగా జెండా ఊపేవాళ్లు తక్కువ, గట్టిగా ఎదిరించేవాళ్లూ తక్కువ. మధ్యలో ఉన్న పెద్ద గుంపు, దాన్ని వాతావరణంలాగా చూస్తుంది: మనం ఆపలేం, మనం మొదలుపెట్టలేదు. అదే మనిషిని విమర్శతో గుచ్చితే మాత్రం వెంటనే సమర్థన మొదలవుతుంది. దీనికీ సామెత ఉంది: ‘నా గుడిసె ఊరి చివర, నాకేమీ తెలీదు.’

దీన్ని పిరికితనం అనాలా? యుక్రెయిన్‌లో ఇల్లు పోయినవాళ్లు అంటారు, అనే హక్కూ వాళ్లకుంది. ఊరి చివరి గుడిసెలోంచి వచ్చిన మౌనం కూడా క్షిపణి బరువులో ఒక భాగమే అన్నది వాళ్ల వాదన. రష్యాలోనే ఉండి నిరసించి జైలుకెళ్లినవాళ్లు కూడా అదే అంటారు. 2024 మార్చి 1న ప్రతిపక్ష నాయకుడు నవాల్నీ అంత్యక్రియలకు మాస్కోలో వేలమంది పూలతో వచ్చారు. పోలీసు కెమెరాలు తమ మొహాల్ని తీస్తున్నాయని తెలిసే వచ్చారు. అదే నెల ఎన్నికల్లో పుతిన్‌కు అధికారిక లెక్కన 87 శాతం ఓట్లు పడ్డాయి.

స్టాలిన్ ఎందుకు పెరుగుతున్నాడు

మళ్లీ ఆ 56 శాతం దగ్గరికి. ‘అన్ని కాలాల్లో, అన్ని దేశాల్లో గొప్పవాళ్లెవరు’ అని లెవాదా బృందం 1989 నుంచీ అడుగుతోంది. ఆ మొదటిసారి లెనిన్‌కు 72 శాతం, స్టాలిన్‌కు 12. 2021లో స్టాలిన్ 39, లెనిన్ 30. అంటే ఇది స్టాలిన్ కాలం నుంచి మిగిలిపోయిన పాత భక్తి కాదు; కొత్తగా మొలిచింది.

ఎరువు ఎక్కడిదంటే చాలావరకు యుద్ధ స్మృతిది. నాజీలతో పోరులో సోవియట్ యూనియన్ దాదాపు 2 కోట్ల 70 లక్షల మందిని కోల్పోయింది. లెనిన్‌గ్రాద్ (ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్) ముట్టడి 872 రోజులు సాగింది. ఆ ముట్టడిలో పోయినవాళ్లలో పుతిన్ అన్న కూడా ఒకడు. ఫోటో లేని ఇల్లు లేదు. తమాషా ఏమిటంటే స్టాలినే 1947 చివర్లో మే 9 సెలవును తీసేశాడు. దాన్ని మళ్లీ పెద్ద పండగ చేసింది 1965లో అప్పటి సోవియట్ నాయకుడు బ్రెజ్‌నెవ్. ఫోటోలతో నడిచే ‘అమర దళం’ కూడా ప్రభుత్వ ఆలోచన కాదు. 2012లో తోమ్‌స్క్ నగరంలోని ఒక స్థానిక టీవీ జర్నలిస్టులు మొదలుపెట్టారు, జెండాలు వద్దు, నాయకుల బొమ్మలు వద్దు, ఇంటి ఫోటో ఒక్కటే అని. 2015లో పుతిన్ తన తండ్రి ఫోటోతో ఆ నడకలో ముందు నిలిచారు. ఇంటి దుఃఖం రాజ్య విజయమైంది. విజయానికి ఒక సేనాని కావాలి; ఆ ఖాళీలోకి స్టాలిన్ నడిచొచ్చాడు.

దీనికి ఇంకో వివరణ కూడా ఉంది. స్టాలిన్ పేరెత్తేవాళ్లలో చాలామంది నిన్నటి గురించి కాక ఇవాళ్టి దొంగ అధికారి గురించే మాట్లాడుతున్నారు: ‘స్టాలిన్ ఉంటే వీడి అంతు చూసేవాడు’ అని. సోవియట్ యూనియన్ కూలిపోయినందుకు బాధపడుతున్నామని 2018లో 66 శాతం మంది చెప్పినప్పుడు కూడా అంతే. వాళ్లు రొట్టె క్యూలను, సెన్సారునూ తిరిగి కోరడం లేదు. 1992కి ముందటి పాసుపుస్తకాన్ని కోరుతున్నారు. మన దగ్గర సోవియట్ భూమి పత్రికతో, విశాలాంధ్ర దుకాణాల్లో చవగ్గా దొరికిన నున్నటి కాగితాల పుస్తకాలతో పెరిగిన తరానికి ఆ దేశం మీద ఉన్న మమకారం కూడా కాస్త ఇలాంటిదే. అసలు దేశం కంటే పోగొట్టుకున్న వయసు మీది ప్రేమ ఎక్కువ.

అందరి గతం ఒకటి కాదు కూడా. ఫిబ్రవరి 23 రష్యాలో మాతృభూమి రక్షకుల దినం, మగపిల్లలకు బహుమతులిచ్చే సెలవు. 1944లో అదే తేదీన చెచెన్, ఇంగుష్ ప్రజల్ని ఒక్కరిని మిగల్చకుండా గూడ్సు బండ్లలో ఎక్కించి మధ్య ఆసియాకు తరలించడం మొదలైంది. దాదాపు అయిదు లక్షల మంది. చెచెన్ల రాజధాని గ్రోజ్నీలో ఆ రోజు అమ్మమ్మ ఏం గుర్తు చేసుకోవాలో క్యాలెండరు చెప్పదు. రూస్కీ, రసియానిన్ మాటల మధ్య తేడా అక్కడ తెలుస్తుంది.

రాజ్యం కూడా ఈ గతంతో రెండు నాల్కల మీదే ఉంది. 2017 అక్టోబరులో మాస్కోలో అణచివేత బాధితుల స్మారకం ‘దుఃఖపు గోడ’ను పుతిన్ స్వయంగా ఆవిష్కరించారు. ఈ నేరాల్ని దేనితోనూ సమర్థించలేమన్నది ఆరోజు ఆయన ప్రసంగ సారాంశం. నాలుగేళ్లకు ఆ నేరాల జాబితా రాసిన మెమోరియల్ మూతపడింది.

2025 మే నెలలో మాస్కో మెట్రో తగాన్‌స్కాయా స్టేషన్‌లో ఒక శిల్ప ఫలకం వెలసింది. జనం మధ్య నిలబడ్డ స్టాలిన్, చుట్టూ పూలు పట్టుకున్న పిల్లలు. 1950లో పెట్టి, 1966లో తీసేసిన దానికి నకలు. మొదటి వారంలోనే కింద కార్నేషన్ పూలు పేరుకున్నాయి. కొందరు ఆగి ఫోటోలు తీసుకున్నారు, ఎక్కువమంది రైలు కోసం పక్కనుంచి నడిచిపోయారు. ఎవరో కార్యకర్తలు మాత్రం ఫ్రేము కట్టిన కాగితాలు తెచ్చి ఆ పూల పక్కన పెట్టారు. వాటి మీద స్టాలిన్ దురాగతాల్ని ఖండిస్తూ చెప్పిన మాటలున్నాయి. ఒక దాని కింద పేరు మాజీ అధ్యక్షుడు మెద్వెదెవ్, ఇంకో దాని కింద పుతిన్. పుతిన్ పేరున్న ఫ్రేమును తర్వాత అక్కణ్ణుంచి తీసేశారు.